ధర్మకాంట ఎక్కడుంది సాబ్?



వడ్లు కోతకొచ్చాయంటే జగిత్యాల నుంచి కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూర్ పోయే 63వ నంబర్ జాతీయ రహదారి మీద రెండు క్యూలు మొదలవుతాయి. ఒకటి కొనుగోలు కేంద్రం ముందు, ఇంకోటి ఊరి మొదట్లో పోలీసు నాకా ముందు. మొదటి క్యూలో కాంటా ఉంటుంది, వంతు రాదు. రెండో క్యూలో వంతు వెంటనే వస్తుంది, కాంటా ఉండదు. ట్రాలీ చుట్టూ ఒక చక్కర్ కొట్టి, బస్తాల ఎత్తు కళ్లతో కొలిచి “ఓవర్‌లోడ్” అనేస్తారు. ఎంత ఓవర్ సాబ్, ఎన్ని కిలోలు అని అడిగితే ఆ అడిగినోడు బద్‌తమీజ్.

నా షికాయత్ ఏంటో ముందే చెప్పేస్తాను. లోడు మీద కానూన్ ఉండాల్సిందే, గట్టిగా ఉండాల్సిందే. కానీ మన రోడ్ల మీద జరిగే చెకింగులో లోడు తప్ప మిగతావన్నీ చెక్ అవుతున్నాయి. తాడు బిగిసిందా అని ఎవరూ లాగి చూడరు. ట్రాక్టర్‌కు ట్రాలీని తగిలించే పిన్నుకు అడ్డుపుల్ల ఉందా అని ఎవరూ వంగి చూడరు. వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉందా, లైటు వెలుగుతోందా అని చూడాలంటే రాత్రిపూట నిలబడాలి. నేను చూసినంతలో నాకాలు ఎక్కువగా పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు లోపే ఉంటాయి. ఆ టైమ్‌లో చూడటానికి సులువైనవి రెండే, డ్రైవర్ మొహం, డ్రైవర్ జేబు.

కానూన్ ఏం చెబుతోందో చూడండి. మోటారు వాహనాల చట్టం, 1988. అందులో 113వ సెక్షన్ బరువుకు హద్దు పెడుతుంది. దాని పక్కనే ఉన్న 114 మన దగ్గర ఎవరూ తిరగేయని సెక్షన్. సరుకు బండి గానీ ట్రైలర్ గానీ హద్దు మించి మోస్తోందని నమ్మడానికి కారణం ఉంటే, సర్కారు అధికారం ఇచ్చిన అధికారి దాన్ని కాంటాకు పంపాలి. ఆ కాంటా బండి పోయే దారిలోనే ముందుకు 10 కిలోమీటర్ల లోపు ఉండాలి, లేదంటే బండి చేరాల్సిన చోటికి 20 కిలోమీటర్ల లోపు ఉండాలి. బరువు ఎక్కువని తేలితే రాతలో హుకుం ఇచ్చి ఆ ఎక్కువ మాల్ దింపించాలి. అంటే మొదట అనుమానం, తర్వాత కాంటా, తర్వాత కాగితం. జుర్మానా మాట ఆ తర్వాతే. మనవాళ్లు అనుమానం నుంచి సీదా జుర్మానాకు దూకుతున్నారు.

కోరుట్లలో, జగిత్యాలలో ధర్మకాంటలకు కరువా? రైస్ మిల్లుల దగ్గర లేవా? ఆ పేరు చూడండి, ధర్మకాంట! లారీని నిలబెట్టి తూచే తక్కెడకు మన పెద్దలు పెట్టుకున్న పేరు. తూకంలో దగా చేసేవాళ్లకు హెచ్చరికతోనే మొదలయ్యే సూరహ్ ఉంది ఖురాన్‌లో, అల్-ముతఫ్ఫిఫీన్. మన జుమా ఖుత్బాల్లో దాన్ని ఎప్పుడూ కిరాణా భాయ్‌కి, మటన్ కొట్టు భాయ్‌కే వినిపిస్తుంటారు. తక్కువ తూచినవాడి సంగతి సరే, అసలు తూచకుండానే వసూలు చేసేవాడికి ఏ ఖుత్బా వినిపించాలి?

ఇక పైసల లెక్క. 2019లో పార్లమెంటు ఈ చట్టాన్ని సవరించింది. 194వ సెక్షన్ ప్రకారం ఓవర్‌లోడ్‌కు 20,000 రూపాయలు, దాని మీద ఎక్కువున్న ప్రతి టన్నుకు మరో 2,000. లోడు పక్కలకో, వెనక్కో, పైకో హద్దు దాటి బయటికొస్తే అదీ 20,000, పైగా సర్దుకునేదాకా బండి కదలకూడదు. కాంటాకు రాను పొమ్మంటే 40,000. 2025-26 సీజన్‌లో మామూలు రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,369. 40 కిలోల బస్తాకు 948 రూపాయలు కూడా పూర్తిగా రావు. అంటే 20,000 జుర్మానాకు 21 బస్తాల వడ్లు పోయినట్టే. ఒక ట్రాలీలో 150 బస్తాలు వేస్తే 6 టన్నులు. అందులో 21 బస్తాలు నాకా దగ్గరే దిగిపోతే, విత్తనం, యూరియా, కోత మిషన్ కిరాయి, హమాలీ కూలీ అన్నీ మిగిలిన బస్తాల నుంచే కట్టుకోవాలి.

తమాషా ఏంటంటే, ఈ పెంచిన జుర్మానాలు తెలంగాణలో అమలు చేయబోమని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ 2019 సెప్టెంబర్‌లో అసెంబ్లీలోనే చెప్పారు. ఢిల్లీ పుస్తకంలో ఒక రేటు, హైదరాబాద్ మాటలో ఇంకో రేటు. ఈ రెండింటి మధ్య ఖాళీలో రైతు నిలబడి ఉన్నాడు. “కేసు రాస్తే ఇరవై వేలు, నీ ఇష్టం” అనే ఒక్క మాట చాలు, ఆ మాట వినగానే మనిషి బేరానికి దిగుతాడు. పోలీసులంతా ఇట్లాంటోళ్లే అని నేను అనను. నాకు తెలిసిన ఎస్సైలలో ఖుద్దారీతో ఉద్యోగం చేసేవాళ్లున్నారు, ఎర్రటి ఎండలో పన్నెండు గంటలు నిలబడే హోంగార్డు మజ్బూరీ కూడా నాకు తెలుసు. నేననేది ఏంటంటే, కాంటా లేని చోట నిజాయితీపరుడు కూడా అందాజుగానే రాయాలి. అందాజులో ఇన్సాఫ్ ఉండదు.

రోడ్డు మీద బరువు కళ్లతో తేలిపోతుందంటే, మరి ఇసుక లారీల బరువు ఎందుకు తేలదు? కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి, వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయి అక్కడి పల్లెల్లో అడగండి. తంగళ్లపల్లి దగ్గర నేరెళ్ల పేరు మర్చిపోయారా? 2017 జూలైలో ఇసుక లారీ కింద పడి ఒక మనిషి చనిపోయాడు. లారీల జోరు మీద అప్పటికే కడుపు మండి ఉన్న జనం లారీలకు నిప్పు పెట్టారు. పోలీసులు ఊళ్ల మీద పడి మనుషుల్ని పట్టుకుపోయారు. వాళ్లలో ఎక్కువ మంది దళితులు, బీసీలు. కస్టడీలో థర్డ్ డిగ్రీ పెట్టారని వాళ్లు ఒంటి మీది దెబ్బలు చూపించారు. మీరా కుమార్ అంతటావిడ వచ్చి పరామర్శించి పోయారు. లారీలకు నిప్పు పెట్టడాన్ని నేను సమర్థించను. కానీ లారీల జోరు మీద చెకింగ్ అప్పుడు ఎక్కడుంది? లారీ తగలబడ్డాక వచ్చిన పోలీసు, లారీ నిండుగా కదిలినప్పుడే ఎందుకు రాలేదు? ఆ సవాల్‌కు నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు.

బరువు ప్రాణం తీస్తుందని జగిత్యాల జిల్లాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడింది. అందులో వందకు పైగా మనుషులున్నారు, 60 మందికి పైగా చనిపోయారు. అది ఏ రైతు ట్రాక్టరో కాదు, సర్కారు బస్సు. మొన్న 2025 నవంబర్ 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ వచ్చి బస్సును గుద్దింది, టిప్పర్‌లోని కంకర మొత్తం బస్సులోకి పడింది, దాని కింద మనుషులు కూరుకుపోయారు. 19 మంది పోయారు. లోడు కట్టడి అంటే ఏదో ఆఫీసు కాగితం మాట కాదని ఆ రోజు అందరికీ అర్థమైంది. ఓవర్‌లోడ్ మీద సఖ్తీ చేస్తామని సర్కారు అంది. చేయండి, నేను చప్పట్లు కొడతాను. అయితే ఆ సఖ్తీ టిప్పర్ దగ్గర మొదలవ్వాలి. గంటకు ఇరవై కిలోమీటర్లు పోయే వడ్ల ట్రాలీ దగ్గర మొదలై అక్కడే ఖతం కాకూడదు.

ట్రాలీ ఎందుకు అంత నిండుతుందో కూడా చెప్పాలి కదా. కొనుగోలు కేంద్రంలో బస్తాలు నింపి వారమైనా లారీ రాదు. మబ్బు పడితే రైతు గుండె దడ. అప్పుడు మిల్లు దాకా కిరాయి ట్రాక్టర్ పెట్టుకుంటాడు. రెండు ట్రిప్పుల డీజిల్ పైసలు లేక ఒకే ట్రిప్పులో ఎక్కిస్తాడు. మిల్లు దగ్గర తరుగు పేరుతో బస్తాకు కిలోనో రెండు కిలోలో కోస్తారన్నది రైతుల పాత ఫిర్యాదు, దాని మీద కూడా ఎక్కించే మాల్ కొంచెం పెరుగుతుంది. చెరుకు రైతుది ఇంకా పెద్ద కథ. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది, బోధన్, మెదక్ ఫ్యాక్టరీలతో పాటు. ఇంటి పక్కన దిగాల్సిన చెరుకు కామారెడ్డి వైపు ప్రైవేటు ఫ్యాక్టరీలకు పోవాల్సి వచ్చింది. దూరం పెరిగితే ట్రిప్పులు తగ్గుతాయి, ట్రిప్పులు తగ్గితే లోడు పెరుగుతుంది. ఫ్యాక్టరీ మూసినవాళ్లకు ఏ నాకాలోనూ చలాన్ రాయలేదు. పదేళ్లుగా తెరిపిస్తామనే మాట మాత్రం ప్రతి ఎలక్షన్‌కు లారీ నిండా వస్తోంది. దాన్నీ ఎవరూ తూచరు.

మజ్బూరీ ఉందని తప్పు ఒప్పు కాదు, అది నాకూ తెలుసు. అందుకే ఇప్పుడు మన ఇంటి మాట.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లిలో మన పిల్లలు చాలామంది రైతులు కారు, కిరాయి డ్రైవర్లు. గల్ఫ్‌లో ఏడెనిమిదేళ్లు కష్టపడి వచ్చి, ఫైనాన్స్‌లో ట్రాక్టర్ తీసుకుని, సీజన్‌లో వడ్లు, మక్కలు, పసుపు తోలుకుంటున్న అబ్బాయిలు. రియాద్‌లో ఉన్నన్నాళ్లు సాహెర్ కెమెరాకు భయపడి సీటు బెల్టు లేకుండా బండి కదపని మనోడు, ఇక్కడికొచ్చాక ట్రాలీ వెనక లైటు లేకుండా రాత్రి పదకొండుకు రోడ్డెక్కుతాడు. పాటలకు మాత్రం స్పీకర్ ఉంటుంది, బ్యాటరీ దానికి సరిపోతుంది! మన దగ్గర ట్రాలీలు ఎక్కువగా వెల్డింగ్ షెడ్లలోనే తయారవుతాయి. చాలావాటికి సొంత బ్రేకు ఉండదు. 6 టన్నులు వెనక నుంచి నెడుతుంటే ముందున్న ట్రాక్టర్ బ్రేకు ఏం ఆపుతుంది? దిగుడు రోడ్డు మీద ట్రాలీ అడ్డం తిరిగిందంటే ఎదురుగా బైక్ మీద వచ్చేవాడిని అల్లాహ్‌యే కాపాడాలి. దారిలో ఉన్న ముల్లునో రాయినో తీసేయడం ఈమాన్‌లో భాగమని మదర్సాలో చిన్నప్పుడే నేర్పించారు మనకు. లైటు లేని ట్రాలీని చీకట్లో రోడ్డు పక్కన వదిలి చాయ్ తాగడానికి పోయేవాడు రాయి తీయడం పక్కన పెట్టు, తానే రాయి పెడుతున్నాడు. ఇది హుకూక్-ఉల్-ఇబాద్ మామలా భాయ్, చచ్చిపోయినవాడి అమ్మీ దగ్గర మాఫీ ఎట్లా అడుగుతావు?

ఇంకోటి. ట్రాలీలో మనుషులు. నాట్లకు పోయే ఆడవాళ్లు, పెళ్లి బారాత్‌లు, ఉర్సుకు పోయే ఖాన్‌దాన్ మొత్తం, చంటిపిల్లలతో సహా. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా పడమటి తండా కూలీల ట్రాక్టర్ కాల్వలో పడి 9 మంది చనిపోయారు. మూడు నెలలు గడవకముందే, జూన్ 24న, యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర ఇంకో ట్రాక్టర్ మూసీ కాల్వలో పడి 15 మంది పోయారు. ఎక్కువ మంది కూలీ పనికి పోయే ఆడవాళ్లు. ట్రాలీ అనేది మాల్ మోయడానికి, మనుషుల్ని మోయడానికి కాదు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదటి రోజే చేతులెత్తేస్తుంది. ట్రాక్టర్‌కు బీమా ఉండి ట్రాలీకి లేకపోయినా అదే గొడవ. కోర్టుల చుట్టూ తిరిగేది చచ్చిపోయినవాళ్ల పిల్లలు. అందుకని బహెనో, మీకు చెబుతున్నాను, మగవాళ్లు వినకపోతే మీరు ఎక్కకండి. జియారత్‌కు బస్సులో పోయినా సవాబ్ తగ్గదు.

ఇది చెప్పే హక్కు నాకుంది కాబట్టి అవతలి మాట కూడా చెబుతాను. నాకా దగ్గర లైసెన్సు చూపించాక పేరు చదివి ఇంకోసారి ఎగాదిగా చూసే అలవాటు ఉంది, దాన్ని మన డ్రైవర్లు అందరూ ఎరుగుదురు. వడ్ల బస్తాకు మజ్‌హబ్ లేదు, తోలేవాడికి ఉన్నట్టు చూస్తారు. బక్రీద్ ముందు పది రోజులైతే మాట్లాడే పనే లేదు. సంత నుంచి ఎడ్లను, బర్లను తీసుకొచ్చే బండిని యూనిఫాం లేనివాళ్లు ఆపుతారు, మెడలో కండువా తప్ప ఏ అధికారం లేనివాళ్లు. కాగితాలు చూపించమంటారు! ఎవరు మీరు? 130వ సెక్షన్ చూడండి, కాగితాలు అడిగే హక్కు యూనిఫాంలో ఉన్న పోలీసుకు, రవాణా శాఖ అధికారికి ఉంది. గల్లీలో భాయ్‌లకు లేదు. 2017 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని అల్వర్ దగ్గర పెహ్లూ ఖాన్‌ను కొట్టి చంపినప్పుడు ఆయన దగ్గర ఆవులు కొన్న రసీదు ఉంది. పాడి చేసుకునే రైతు ఆయన. రసీదు ప్రాణం కాపాడలేదు, ఎందుకంటే అడిగినవాళ్లకు చదవాలన్న నియ్యత్ లేదు. 2018 జూలై 17న తెహసీన్ పూనావాలా కేసులో సుప్రీంకోర్టు ప్రతి జిల్లాకు ఒక నోడల్ అధికారి ఉండాలంది, ఇట్లాంటి మూకల్ని ఆపడానికి. మన జిల్లాలో ఆ అధికారి ఎవరో ఏ పోలీస్ స్టేషన్ బోర్డు మీద అయినా చదివారా మీరు? నేను చదవలేదు.

పోలీసు ఆపితే ఆగండి. గొడవ పడకండి. కాగితాలు ఫోన్‌లో డిజీలాకర్‌లో ఉంటే చాలు, అవి చెల్లుతాయి. ఆర్సీ, ఇన్సూరెన్స్ దగ్గర లేకపోతే చూపించడానికి 15 రోజుల టైమ్ కానూన్‌లోనే ఉంది. “ట్రాక్టర్ లైసెన్సు ఉంది గానీ ట్రాలీకి లేదు కదా” అనే పాత బెదిరింపు ఒకటుంది. నాగశెట్టి కేసులో సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది, ట్రాక్టర్ నడిపే లైసెన్సు ఉన్నవాడు వెనక ట్రాలీ తగిలించినంత మాత్రాన లైసెన్సు లేనివాడు అయిపోడు అని. 2024 నవంబర్ 6న అయిదుగురు జడ్జీల బెంచ్ కూడా 7,500 కిలోల లోపు బండ్లకు ఎల్ఎంవీ లైసెన్సు చాలంది. వ్యవసాయ ట్రాక్టర్ అనేది రవాణా వాహనం కాదని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే రాసుంది. అయితే ఒక మాట, అదే ట్రాక్టర్‌తో వాగులో ఇసుక తోలి, పట్టుబడినప్పుడు “నేను రైతును సాబ్” అంటే నేను మీ తరఫున ఒక్క అక్షరం రాయను. ఇసుక దొంగల వల్లే వడ్ల ట్రాలీ కూడా బద్‌నామ్ అయింది.

ఈ ఇలాకాకు చెకింగులు కొత్తవి కావు. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబర్‌లోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. రోడ్డు మీద ఆపి, నువ్వెవరు, ఏ ఊరు, ఎటు పోతున్నావు అని అడగడం ఇక్కడ రెండు తరాలు చూశాయి. అందుకే ఇక్కడి రైతు పోలీసును చూడగానే తప్పు చేయకపోయినా తల దించుకుంటాడు. లాఠీ ఉన్నవాడికి కాంటా అవసరం లేదన్న అలవాటు ఆ రోజుల నుంచే వచ్చిందని నా అనుమానం.

యాసంగి వడ్లు ఏప్రిల్‌లో కల్లాల మీదికొస్తాయి.  సోమవారం కలెక్టరాఫీసులో ప్రజావాణి ఉంటుంది, జగిత్యాలలో, సిరిసిల్లలో. ఒక్కరు కాదు, పది మంది కలిసి పోండి, రైతులు, డ్రైవర్లు, మన వాళ్లు, పక్కింటి రెడ్డి గారు, యాదవ్ గారు అందరూ. దరఖాస్తులో ఏం రాయాలో ఇక్కడ చెబుతున్నాను, కాపీ చేసుకోండి. ఓవర్‌లోడ్ అని ఆపిన ప్రతి ట్రాలీని 114వ సెక్షన్ ప్రకారం కాంటాకు పంపాలి, కాంటా చీటీ నంబర్ చలాన్ మీద రాయాలి. ఏ తప్పుకు ఎంత జుర్మానానో నాకా దగ్గర బోర్డు పెట్టాలి, తెలుగులో, ఉర్దూలో. ఉర్దూ ఈ రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష, ఆ మాట దరఖాస్తులో తప్పకుండా రాయండి. కొనుగోలు కేంద్రంలో బస్తాలు ఎక్కించేటప్పుడే ట్రాలీకి ఎన్ని బస్తాలు హద్దో అక్కడి సిబ్బంది రాసివ్వాలి, అప్పుడు తప్పు మొదట్లోనే ఆగుతుంది. చెకింగ్ పొద్దుగూకినంక పెట్టాలి, లైటు లేని ట్రాలీకి ముందు రిఫ్లెక్టర్ స్టిక్కర్ అంటించి పంపాలి, రెండోసారి దొరికితే జుర్మానా వేయాలి. ఇసుక లారీలకు, టిప్పర్లకు కూడా అదే కాంటా, అదే చీటీ. దరఖాస్తు ఇచ్చాక రసీదు తీసుకోండి, ఫోటో తీసి నాకు పంపండి. జవాబు వచ్చినా రాకపోయినా ఇక్కడ రాస్తాను.